వయసులో పెద్ద ఎవరు: గంగా, గోదావరా?

కాళేశ్వరం పోరడు: మా తమ్ముడి పుస్తకంలో మళ్లీ అదే మాట: గోదావరి ‘దక్షిణ గంగ’. మన దేశం ఉన్న భూఫలకం ఆసియాను గుద్ది హిమాలయాలు లేవడం మొదలైందే సుమారు 5 కోట్ల ఏళ్ల కింద. మన గోదావరి లోయ బొగ్గుకు 25 కోట్ల ఏళ్ల పైమాటే. పెద్దదానికి చిన్నదాని పేరు పెడతారా?

హన్మకొండ మాస్టారు: బొగ్గు వయసు నదికి రాదు బాబూ. అప్పుడు నేల కుంగి లోయ పడింది, చెట్లు పూడి బొగ్గయ్యాయి. ఇప్పటి గోదావరి త్ర్యంబకేశ్వరం దగ్గర లావా గడ్డకట్టిన నల్లరాతి మీద పుడుతుంది. ఆ లావా పారింది సుమారు 6.6 కోట్ల ఏళ్ల కింద. రాయి కంటే ముందే దాని మీద నీళ్లు పారాయా?

బొగ్గుబాయి: మా నాయన బాయిల పనిచేసిండు. బొగ్గు మీదంతా ఇసుకరాయే. ఆ ఇసుక లారీలతో పోశారా సార్?

హన్మకొండ మాస్టారు: నదులే తెచ్చాయి. కానీ ఆ నదులు ఎక్కువగా ఉత్తరం, వాయవ్యం దిక్కుకు పారాయి. ఇప్పటి గోదావరి ఆగ్నేయానికి పోతుంది. ఎదురు దిక్కుకు పోయేది అదే నది ఎట్లా అవుతుంది?

ఓరుగల్లు: మా రాయి 250 కోట్ల ఏళ్లది. మేమే పెద్ద 😄

నర్సంపేట రైతు: ఈ లెక్కలు నమ్మకండి. ‘ఇక్కడ పాత వాగు పారింది, నీళ్లు పక్కా’ అని ఒకాయన చెబితే మూడు బోర్లు వేశాను. దుమ్ము లేచింది. అప్పు ఇంకా తీరలేదు.

కాళేశ్వరం పోరడు: మాస్టారూ, గంగ హిమాలయాల కంటే పెద్దదేం కాదు కదా. దానికి జవాబు చెప్పరేం?

హన్మకొండ మాస్టారు: కొండ వయసుతో నది వయసు చెప్పలేం. సింధు, సట్లెజ్ హిమాలయాల కంటే ముందే ఉన్నాయంటారు, కొండ లేస్తుంటే కోసుకుంటూ పారాయి. మన పాపికొండల దగ్గర కొండలే చాలా పాతవి, నది తర్వాత వచ్చింది. చదవకుండా వాదిస్తే ఇంతే.

కాళేశ్వరం పోరడు: చదివే వచ్చాను! ‘దక్షిణ గంగ’ అన్న ప్రతిసారీ మన నది ఇంకోదాని నకలు అన్నట్టుంటుంది. నా బాధ అది.

ధర్మపురి: తమ్మీ, మా దగ్గర గోదావరి స్నానానికి పోతే ‘గంగకు పోయినం’ అంటారు. కాశీ చూడని అవ్వలు కూడా.

కాళేశ్వరం పోరడు: అవ్వ అనడం వేరన్నా, పుస్తకం అనడం వేరు.

హన్మకొండ మాస్టారు: ఈ మాట మొదటే అంటే లావా దాకా పోయేవాళ్లమే కాదు. పేరు సంగతి నాకూ నచ్చదు. వయసు మాత్రం ఒప్పుకోను.

కాళేశ్వరం పోరడు: లోయ వయసు నేను వదలను.