హంగర్ గేమ్స్ అయిపోయింది, ఇప్పుడు పాపకి ఏం ఇవ్వాలి?

రాజమండ్రి_రమ
మా పాప తొమ్మిదో తరగతి. వేసవి సెలవుల్లో హంగర్ గేమ్స్ (పిల్లల్ని ఒకరినొకరు చంపుకోమని ప్రభుత్వమే ఆడించే ఆట కథ) మొదలుపెట్టి మూడు భాగాలూ ఊదేసింది. ఆ తర్వాత అందులోని పాత్రల పాత కథలు, 2020లో వచ్చిన అధ్యక్షుడు స్నో కథ, 2025లో వచ్చిన హేమిచ్ కథ కూడా అయిపోయాయి. ఇప్పుడు ఏది ఇచ్చినా నాలుగు పేజీలు తిప్పి మంచం మీద పడేస్తోంది. మళ్ళీ మొదటి భాగమే తీసుకుని కూర్చుంటోంది. పర్సీ జాక్సన్ ఇస్తే చిన్నపిల్లలది అంది. డైవర్జెంట్ ఇస్తే దీన్ని చూసే రాసినట్టుంది అంది. అంత పట్టుగా ఉండి, వయసుకు తగ్గవి ఏమైనా చెప్పండి. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, కాబట్టి ఇంగ్లీషు పుస్తకాలే కావాలి.

కోఠి_ఫుట్‌పాత్
డైవర్జెంట్ వద్దందంటే బతికిపోయింది. మూడో భాగం చదివాక నేను రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

అర్ధరాత్రి_దీపం
అసలు సరుకు ఇవ్వండి మేడమ్. బ్యాటిల్ రాయల్, జపాన్ నవల, 1999. ఒక క్లాసు పిల్లల్ని దీవి మీద వదిలేసి, ఒక్కరు మిగిలేదాకా చంపుకోమంటారు. హంగర్ గేమ్స్ రాసిన కాలిన్స్ తొమ్మిదేళ్ళ తర్వాత దాన్నే తిరగరాసింది. పక్కా కాపీ.

లైబ్రరీ_టీచరు
దీపం గారూ, తన పుస్తకం పబ్లిషర్ చేతికి ఇచ్చేదాకా ఆ నవల పేరే వినలేదని కాలిన్స్ చెప్పింది. ఆవిడ చెప్పుకున్న మూలం గ్రీకు కథ: ఏథెన్స్ నుంచి ఏడుగురు అబ్బాయిల్ని, ఏడుగురు అమ్మాయిల్ని మినోటార్ అనే ఎద్దుతల రాక్షసుడికి బలిగా పంపే కథ. దానికి తోడు ఒక రాత్రి టీవీలో చానళ్ళు మారుస్తుంటే ఒకదాంట్లో రియాలిటీ షో, ఇంకోదాంట్లో ఇరాక్ యుద్ధం వచ్చాయట.

రమ గారూ, "అలాంటిదే" అని వెతకడం మానేయండి. బళ్ళో నా దగ్గరికి వచ్చి అలాంటిదే కావాలన్న పిల్లలు, అలాంటిది ఇస్తే మర్నాడే వెనక్కి తెస్తారు. పుస్తకంలో ఏది పట్టుకుందో ముందు తెలియాలి. హంగర్ గేమ్స్ నాయిక కాట్నిస్ తన కథ "నేను" అంటూ చెబుతుంది. అదీ ఆ క్షణంలోనే జరుగుతున్నట్టు. తర్వాతి నిమిషంలో ఏమవుతుందో తనకీ తెలియదు, మనకీ తెలియదు. ఆ చెప్పే తీరుకి అలవాటు పడ్డ పిల్లకి మామూలు కథనం చప్పగా ఉంటుంది. కానీ స్నో కథ అలా ఉండదు. అది బయటినుంచి, జరిగిపోయిన కథలా నడుస్తుంది. హేమిచ్ కథ మళ్ళీ మొదటి పద్ధతిలోకి వస్తుంది. ఈ రెండిట్లో పాపకి ఏది నచ్చిందో అడగండి. స్నో కథ నచ్చిందంటే కథనం కాదు, ఆ రాజ్యం నడిచే పద్ధతి పట్టుకుందని అర్థం. అప్పుడు ది గివర్ ఇవ్వండి. 1993లో వచ్చింది, చిన్న పుస్తకం. అందరూ సుఖంగా ఉండే ఊళ్ళో పన్నెండేళ్ళు నిండిన పిల్లలకి పెద్దవాళ్ళే ఉద్యోగాలు నిర్ణయిస్తారు. ఆ సుఖం వెనక ఏముందో ఒక్క అబ్బాయికి తెలుస్తుంది.

రాజమండ్రి_రమ
స్నో కథే నచ్చింది! అసలు ఆ లెక్కలంటే పిచ్చి దానికి. ఆటకి పిల్లల్ని ఎంచే లాటరీలో కాట్నిస్ స్నేహితుడు గేల్ పేరు 42 చీటీల మీద ఎందుకుందో రఫ్ నోటులో వేసి చూపించింది. పన్నెండో ఏట ఒక చీటీ, ఏడాదికొకటి పెరుగుతూ పద్దెనిమిదికి ఏడు. ఇంట్లో ఐదుగురికి తిండిగింజలు తీసుకున్నందుకు ఏడాదికి ఐదు చొప్పున ఏడేళ్ళకి ముప్పై ఐదు. "చూశావా అమ్మా, ఆకలేసిన వాడికే ఎక్కువ చీటీలు" అంది. గివర్ ఆర్డర్ పెడతాను.

పాతపుస్తకాల_శేషు
అమ్మా రమ గారూ, ఇంత తెలివైన పిల్లకి తెలుగు కూడబలుక్కోవలసిన గతి ఎందుకు పట్టింది? దానికి ముందు జవాబు చెప్పండి. దాసరి సుబ్రహ్మణ్యం గారు చందమామలో రాసిన సీరియళ్ళు, రాకాసి లోయ లాంటివి, పేరైనా వేసుకోకుండా రాశారాయన. ఏ పిల్లని కూర్చోబెట్టలేవవి? చందమామ చిత్రకారుడు చిత్రా వేసిన బొమ్మ ఒక్కటి చూస్తే చాలు, కథలోకి దూకేస్తారు. టీనేజి పిల్లల పుస్తకాలని ఈ "యంగ్ అడల్ట్" అన్నది కొట్లో అరకి తగిలించిన చీటీ. మాకు అలాంటి అర లేదు. చందమామ అయిపోతే అమ్మ చదివే వీక్లీ ఎత్తుకున్నాం. పదమూడేళ్ళకే చేతబడి నవల తులసిదళం చదివాను, ఏమీ చెడిపోలేదు.

మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. నేను కట్టించిన బైండు పుస్తకాలు మొన్న వచ్చినప్పుడు చూసి, "నాన్నా, ఇవి ఎవరికైనా ఇచ్చేద్దామా" అన్నాడు. అందుకని చెబుతున్నాను.

కోఠి_ఫుట్‌పాత్
శేషు గారు ఏ థ్రెడ్‌కి వచ్చినా డాలస్ వస్తుంది 🙂

రాజమండ్రి_రమ
శేషు గారూ, నేను అడిగింది ఇంగ్లీషు పుస్తకం. బళ్ళో తెలుగుకి వారానికి ఎన్ని పీరియడ్లు ఇస్తారో మీకు తెలియదు. నేను ఉద్యోగం నుంచి వచ్చేసరికి ఏడవుతుంది.

పాతపుస్తకాల_శేషు
ఏడు తర్వాత కూడా రాత్రి ఉంటుంది కదమ్మా.

లైబ్రరీ_టీచరు
శేషు గారూ, ఆవిడ ఇంటి టైమ్‌టేబుల్ మనకెందుకు? అర అక్కర్లేదంటున్నారు కదా. చందమామ నుంచి నేరుగా వీక్లీ సీరియల్‌కి గెంతడం గొప్పేం కాదు, మధ్యలో మెట్టు లేక గెంతాం. బుడుగు చదివే వయసు దాటాక, సెక్రటరీ నవల చదివే వయసు రాకముందు తెలుగులో ఏముంది? సినబ్బ కతలు, దర్గామిట్ట కతలు అంటారా, బంగారం లాంటి పుస్తకాలు. కానీ పిల్లల గురించి పెద్దవాళ్ళు తమ చిన్నతనం తలుచుకుంటూ రాసినవి అవి. పదిహేనేళ్ళ పిల్ల తన సంగతిగా చదువుకునే వరస నవలలు మనకి లేవు. ఆ ఖాళీలోకే ఇవి వచ్చి కూర్చున్నాయి.

అర్ధరాత్రి_దీపం
ఆవిడ వినలేదని చెబితే సరిపోతుందా? చెప్పడానికేముంది. రెండిట్లోనూ గవర్నమెంటే పిల్లల్ని చంపిస్తుంది.

రీల్స్_చూసి_చదివే_పిల్ల
హాయ్ ఆంటీ, నేను డిగ్రీ సెకండ్ ఇయర్. మా బ్యాచ్ మొత్తం హంగర్ గేమ్స్ తర్వాత ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్‌కి వెళ్ళింది. అందులో కూడా వేటాడి ఇంటిని పోషించే అమ్మాయి. అది మొదలుపెడితే ఇక ఆపలేరు.

రాజమండ్రి_రమ
దయచేసి ఆ పేరు ఇక్కడ ఎత్తకండి.

రీల్స్_చూసి_చదివే_పిల్ల
ఎందుకు ఆంటీ?

రాజమండ్రి_రమ
ఎందుకంటే అది ఇప్పుడు నా బీరువాలో ఉంది. ఎవరో ఫ్రెండ్ ఇచ్చిందట. మధ్యలో తెరిచి చూశాను, చెమటలు పట్టాయి. అడిగితే "హంగర్ గేమ్స్ పక్కనే ఉంటుంది కదా షాపులో" అంది. అప్పటినుంచి నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. అందుకే అడిగాను ఇక్కడ, దానికి బదులుగా ఏదైనా పట్టుండేది ఇద్దామని.

లైబ్రరీ_టీచరు
ఈ మాట మొదట్లోనే చెప్పి ఉంటే సగం చర్చ తగ్గేది. పాప అబద్ధం చెప్పలేదండీ. 2015లో ఆ పుస్తకాన్ని టీన్ నవలగానే అమ్మారు. తర్వాత పబ్లిషరే అట్ట మార్చి పెద్దల అరలోకి పంపాడు. అది వాళ్ళు చేసిన గందరగోళం, పాపది కాదు.

పాతపుస్తకాల_శేషు
బీరువాలో పెట్టి మంచి పని చేశారమ్మా. ఇదిగో, ఇలాంటివి వస్తాయనే నేను మొదటినుంచీ చెబుతున్నాను.

రీల్స్_చూసి_చదివే_పిల్ల
అంకుల్, మీరు పదమూడేళ్ళకి చేతబడి నవల చదివితే చెడిపోలేదు, తను పద్నాలుగేళ్ళకి ఇది చదివితే చెడిపోతుందా?

పాతపుస్తకాల_శేషు
మగపిల్లల సంగతి వేరు.

కోఠి_ఫుట్‌పాత్
అయిపోయారు సార్ మీరు.

రీల్స్_చూసి_చదివే_పిల్ల
అదీ అసలు మాట! ఇంత సేపూ చందమామ, దాసరి అన్నారు. మీ బాధ తెలుగు గురించి కాదు, ఆడపిల్ల ఏం చదవాలో ఎవరు చెప్పాలన్న దాని గురించి. రమ ఆంటీ, మీతో కూడా ఒక మాట. 24 మంది పిల్లలు కత్తులతో పొడుచుకునే పుస్తకం మీరే డబ్బులిచ్చి కొన్నారు. ముద్దు సీను ఉన్న పుస్తకం బీరువాలో పెట్టారు. ఇదేం లెక్క?

రాజమండ్రి_రమ
ముద్దు సీనని నువ్వు అంటున్నావు, నేను చదివింది అది కాదు. లెక్క అడిగావు కాబట్టి చెబుతున్నా. హంగర్ గేమ్స్‌లో చావులు ఉన్నాయి, కానీ ప్రతి చావూ తప్పని ఆ పుస్తకమే అంటుంది. రూ అనే చిన్నపిల్ల చనిపోతే కాట్నిస్ ఆ పిల్ల చుట్టూ పువ్వులు పేరుస్తుంది. అది చదివి నా కూతురు ఏడ్చింది, నేనూ ఏడ్చాను. నా బీరువాలో ఉన్నదాంట్లో ఆడపిల్లని గుప్పిట్లో పెట్టుకునే మగవాడు గొప్పవాడు అవుతాడు. పద్దెనిమిది నిండాక చదువుకోమను, నాకేం అభ్యంతరం లేదు. ఇప్పుడు కాదు. ఇది నేను తల్లిగా చెబుతున్నా, శేషు గారి పార్టీలో చేరి కాదు.

లైబ్రరీ_టీచరు
ఇది వాదనలా ఉంది. ఇదే మాట పాపతో అన్నారా?

రాజమండ్రి_రమ
లేదు. తాళం వేసి ఊరుకున్నాను.

లైబ్రరీ_టీచరు
అనండి మరి. గేల్ చీటీలు లెక్కకట్టిన పిల్ల ఈ వాదన వినలేదా? కాదంటే మీతో పోట్లాడుతుంది, పోట్లాడనివ్వండి. మా బళ్ళో లైబ్రరీ బీరువా తాళంచెవి ఎప్పుడూ ఆఫీసు రూములోనే ఉంటుంది. పిల్లలు అడగరు, మానేస్తారు, అంతే. వాళ్ళు చదవడం లేదని మీటింగుల్లో మేమే అంటాం.

పాతపుస్తకాల_శేషు
నేను అన్నదాన్ని వక్రీకరిస్తున్నారు. వేరు అంటే తక్కువ అని కాదు. సరే, నాకెందుకు. రాకాసి లోయ బైండు నా దగ్గర రెండు సెట్లు ఉన్నాయి. రమ గారికి కావాలంటే ఒకటి పంపిస్తాను. అడ్రసు ఇక్కడ పెట్టకండి, మెసేజ్ చేయండి.

అర్ధరాత్రి_దీపం
బ్యాటిల్ రాయల్ గురించి ఎవరూ జవాబు చెప్పలేదు.

లైబ్రరీ_టీచరు
చెప్పాను. మీకు నచ్చలేదు.

రాజమండ్రి_రమ
నిన్న రాత్రి మాట్లాడాను. గంటన్నర గొడవ. బీరువా విషయంలో ఇద్దరం తగ్గలేదు. గివర్ వచ్చింది, ఒక్క రోజులో చదివేసి "చివర్లో ఏమైందో సరిగ్గా చెప్పలేదు" అని కోప్పడింది. ఇప్పుడు క్లాసులో ఎవరి దగ్గరో వన్ పీస్ అని బొమ్మల పుస్తకాలు ఉన్నాయట, అవి చదువుతుందట. అవి ఈ వయసుకు ఫర్వాలేదా? ఎన్ని భాగాలో ఎవరికైనా తెలుసా?

పాతపుస్తకాల_శేషు
బొమ్మల పుస్తకం నవల ఎలా అవుతుంది?

కోఠి_ఫుట్‌పాత్
శేషు గారూ, రాకాసి లోయలో బొమ్మలు లేవా?

అర్ధరాత్రి_దీపం
చూశారా, చివరికి జపాన్‌కే వచ్చారు. ఫర్వాలేదు మేడమ్, సముద్రపు దొంగల కథ, కొట్లాటలు ఎక్కువ. 1997లో మొదలైంది, ఇంకా అయిపోలేదు. వందకు పైగా సంపుటాలు వచ్చాయి. పాప డిగ్రీ చదివేదాకా మీరు ఇక్కడికి రానక్కర్లేదు.

రాజమండ్రి_రమ
వందకు పైగానా? ఒక్కోటి ఎంతండీ?