ఈ ఉక్కలో రైడింగ్ జాకెట్ ఏది తీసుకోవాలి?

ఏడురోడ్లు:
అన్నలూ, రోజూ శ్రీకాకుళం నుంచి పైడిభీమవరం డ్యూటీకి బండి మీదే వెళ్తాను, హైవేలో లారీల పక్కనుంచే. ఐఎస్ఐ హెల్మెట్ ఉంది, అంతకుమించి ఏమీ లేదు. జాకెట్ కొందామంటే ఒకడు మెష్ (గాలాడే జాలీ గుడ్డ) అంటాడు, ఒకడు లెదర్ అంటాడు. మే నెలలో మన ఉక్క తెలిసిందేగా, ఊరికే నిలబడితేనే చొక్కా పిండుకోవాలి. మెష్ అంత పలచగా ఉంటుంది, పడితే ఆగుతుందా? అన్నీ ఒకేసారి కొనే బడ్జెట్ లేదు, ముందు ఏది?

మూడులాంతర్లు:
లెదర్ మర్చిపో. రోడ్డు మీద ఈడ్చుకుపోతే మంచి లెదర్ బాగా ఆగుతుంది, నిజమే, కానీ మన ఎండలకి నాలుగు రోజులు వేసి మేకుకి తగిలించేస్తావు. మెష్ తీసుకో, కాకపోతే భుజాలు, మోచేతుల దగ్గర మెష్ కాకుండా గట్టి గుడ్డ ఉండాలి, నేలకి ముందు తగిలేవి అవే. లోపలి ప్యాడ్ బయటికి తీసి చూడు, దాని మీద ఈఎన్ 1621-1 (ప్యాడ్లకి యూరప్ సేఫ్టీ ప్రమాణం) అని, లెవెల్ 1 లేదా 2 అని అచ్చు ఉండాలి. 2 అయితే దెబ్బని ఇంకా బాగా ఆపుతుంది. వీపు ప్యాడ్‌కి 1621-2. చాలా జాకెట్లలో వీపు దగ్గర ఉత్త స్పాంజి ముక్క పెట్టి ఇస్తారు, అది షేపు కోసమే, అసలుది విడిగా కొనాలి.

కోటఘాట్:
ప్యాడ్ల సంగతి కరెక్టే గానీ ముందు గ్లవ్స్ కొనమంటాను నేను. పడేటప్పుడు ఎవడైనా చేతులే ముందు పెడతాడు కదా. మణికట్టు దగ్గర స్ట్రాప్ బిగించాక లాగి చూడు, ఊడి రాకూడదు. ఇంకోటి, ప్యాడ్లకే కాదు, జాకెట్ మొత్తానికీ ఈఎన్ 17092 రేటింగ్ ఉంటుంది: ఏఏఏ అన్నిటికంటే గట్టిది, తర్వాత ఏఏ, ఏ. మెష్‌లో ఏ రేటింగువే ఎక్కువ కనిపిస్తాయి, నీది హైవే కాబట్టి ఏఏ దొరికితే వదలకు. వదులు జాకెట్ మాత్రం వద్దు బాబూ, పడిన క్షణంలో ప్యాడ్ మోచేతి మీంచి జరిగిపోతే లెవెల్ 2 అయినా దండగే. వైజాగ్ వెళ్లి, హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు చాపి చూసి కొను.

ఏడురోడ్లు:
సరే, ముందు గ్లవ్స్, జీతం పడ్డాక జాకెట్. మరి వానాకాలం?

మూడులాంతర్లు:
జాకెట్ లోపల వేసుకునే లైనర్ (వాన ఆపే పొర) కంటే పైన వేసుకునే రెయిన్‌కోటే నయం, జాకెట్ తడిసి బరువెక్కదు. నైట్ షిఫ్ట్ ఉంటే నలుపు తీసుకోకు, రిఫ్లెక్టర్ పట్టీలు ఉన్నది చూడు. మోకాళ్లకి ప్యాంటు మీంచి కట్టుకునే గార్డులు ఉంటాయి, ప్యాంటు కొనేదాకా అవి చాలు.