యూకేలో ఎంఎస్సీ: కన్సల్టెన్సీ చేతిలో పెట్టాలా, సొంతంగా అప్లై చేసుకోవాలా?

హనుమకొండ ఈసీఈ

అందరికీ నమస్తే. బీటెక్ ఈసీఈ అయిపోయింది, 64 శాతం. రెండు బ్యాక్‌లాగ్‌లు ఉండేవి, క్లియర్ చేశాను. 2026 సెప్టెంబర్ ఇంటేక్‌కి యూకే వెళ్లాలని ఉంది. కన్సల్టెన్సీకి వెళ్తే పది నిమిషాల్లో నాలుగు యూనివర్సిటీల పేర్లు రాసిచ్చారు. నాకు ఎంబెడెడ్ సిస్టమ్స్ (పరికరాల లోపల ఉండే చిన్న కంప్యూటర్ల పని) ఇష్టం. వాళ్లు రాసిన వాటిలో మూడు డేటా అనలిటిక్స్, ఒకటి ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్. నేను వెతికి పెట్టుకున్న కోర్సు చూపిస్తే "దానికి మేం ప్రాసెస్ చేయం" అన్నారు. నాన్నేమో "రూపాయి తీసుకోకుండా అన్నీ వాళ్లే చూసుకుంటామంటుంటే నీకెందుకురా టెన్షన్" అంటున్నారు. సొంతంగా చేసుకుంటే ఎక్కడైనా దెబ్బ తింటానా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

లీడ్స్ నుంచి

తమ్ముడూ, సొంతంగానే చెయ్యి. యూకాస్ అనే ఉమ్మడి అప్లికేషన్, అందులో ఐదు చాయిస్‌లు అని వినుంటావు, అది ఇంటర్ తర్వాత డిగ్రీకి వెళ్లేవాళ్లకి. మాస్టర్స్‌కి చాలావరకు ఆ యూనివర్సిటీ పోర్టల్‌లోనే నేరుగా అప్లికేషన్ పెట్టాలి. ట్రాన్‌స్క్రిప్ట్‌లు, పాస్‌పోర్ట్, ఇంగ్లిష్ స్కోరు, ఎస్ఓపీ (ఈ కోర్సే ఎందుకో నువ్వు రాసే స్టేట్‌మెంట్), ఒకటో రెండో రికమండేషన్ లెటర్లు. బీటెక్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకున్నవాడికి ఇది పెద్ద కష్టం కాదు.

"ప్రాసెస్ చేయం" అన్నారంటే ఆ యూనివర్సిటీతో వాళ్లకి ఒప్పందం లేదని అర్థం. నీ దగ్గర రూపాయి తీసుకోకపోవచ్చు. నువ్వు చేరాక నీ మొదటి ఏడాది ఫీజులో కొంత శాతం యూనివర్సిటీ వాళ్లకి కమిషన్‌గా ఇస్తుంది. కాబట్టి ఒప్పందం లేని చోటు ఎంత మంచిదైనా వాళ్ల నోట ఆ పేరు రాదు.

ఎంబెడెడ్ సిస్టమ్స్ అంటున్నావు కదా. సౌతాంప్టన్‌లో, ఇక్కడ లీడ్స్‌లో ఆ పేరుతోనే ఎంఎస్సీలు ఉన్నాయి. నీకు సీటు వస్తుందా రాదా అన్నది తర్వాత చూద్దాం, ముందు ఆ కోర్సు పేజీలు తెరిచి మాడ్యూల్స్, అంటే సబ్జెక్టులు, చదువు. మాస్టర్స్ అంటే మొత్తం 180 క్రెడిట్లు, అందులో సాధారణంగా 60 చివరి ప్రాజెక్టుకే పోతాయి. ఆ ప్రాజెక్టు ల్యాబ్‌లోనా, కంపెనీతోనా, ఉత్త రిపోర్టా? తప్పనిసరి సబ్జెక్టులు ఎన్ని, నువ్వు ఎంచుకునేవి ఎన్ని? "డేటా అనలిటిక్స్" అని ఒకే పేరున్న రెండు కోర్సుల్లో ఒకటి గణితం, ప్రోగ్రామింగ్‌తో నిండి ఉంటుంది, రెండోది సగం మేనేజ్‌మెంట్ ఉంటుంది. క్యాంపస్ ఎక్కడో కూడా చూడు. వేరే ఊరి యూనివర్సిటీలు కొన్ని లండన్‌లో బ్రాంచి పెట్టి అక్కడే క్లాసులు చెబుతాయి. డిగ్రీ అదే, కానీ మెయిన్ క్యాంపస్‌లో ఉన్న ల్యాబులు అక్కడ ఉండాలని లేదు. మన ఈసీఈ వాళ్లకి అది చిన్న విషయం కాదు.

అమీర్‌పేట కౌన్సెలర్

నేను ఈ ఫీల్డులోనే పనిచేస్తున్నాను, దాచాల్సిందేమీ లేదు. కమిషన్ నిజం. కానీ లీడ్స్ గారు చెప్పినంత సులువుగా అందరికీ జరగదు. 64 శాతం, రెండు బ్యాక్‌లాగ్‌లు అంటే కొన్ని యూనివర్సిటీలు ఫైల్ పక్కన పెడతాయి. ఇండియాలో ఏ కాలేజీ నుంచి వచ్చారన్నదాన్ని బట్టి కటాఫ్ మార్చేవీ ఉన్నాయి. ఇంటర్ ఇంగ్లిష్ మార్కులతో ఐఈఎల్‌టీఎస్ మినహాయింపు ఇచ్చే చోట కూడా సీబీఎస్ఈకి ఒక లెక్క, మన స్టేట్ బోర్డుకి ఇంకో లెక్క. మేం ఇది రోజూ చూస్తాం, ఇంట్లో మొదటిసారి విదేశం వెళ్లే పిల్లాడికి ఎలా తెలుస్తుంది?

అసలు దెబ్బ తినేది వీసా దగ్గర. లండన్ బయట చదివేవాళ్లు నెలకి 1,171 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలలకి 10,539 పౌండ్లు చూపించాలి. లండన్‌లో అయితే నెలకి 1,529. కట్టాల్సిన ఫీజు మిగిలి ఉంటే అది అదనం. ఆ డబ్బు వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి, మధ్యలో ఒక్క రోజు తగ్గినా లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఇరవయ్యో రోజున చెల్లి కాలేజీ ఫీజుకని అదే ఖాతాలోంచి తీసి, వారంలో మళ్లీ వేసేశాం కదా అనుకున్న తండ్రిని చూశాను. సొంతంగా చేసుకున్న ఫైల్ అది. రిజెక్ట్ అయింది.

లీడ్స్ నుంచి

వీసా పేపర్లు పక్కన ఎవరైనా కూర్చుని చూస్తే మంచిదే, నేనూ ఒప్పుకుంటాను. ఏ కోర్సు, ఏ ఊరు అన్నది మాత్రం పిల్లాడే తేల్చుకోవాలి. ఆ పని పది నిమిషాల్లో అయిపోయిందంటే వాళ్లు ఎవరి మార్కులూ సరిగ్గా చూడలేదనే అర్థం.

రాజమండ్రి అమ్మ

మా అబ్బాయి విషయం చెబుతాను, ఇంకొకరికి ఉపయోగపడాలి. మేం ఒక ఏజెంట్ ద్వారానే వెళ్లాం. ఎస్ఓపీ వాళ్లే రాశారు, మావాడు చదవనైనా లేదు. సీఏఎస్ లెటర్ (వీసాకి యూనివర్సిటీ ఇచ్చే సీటు ధ్రువీకరణ) ఇచ్చే ముందు యూనివర్సిటీ వాళ్లు వీడియోలో ఇంటర్వ్యూ పెట్టారు. "మీ స్టేట్‌మెంట్‌లో ఈ మాడ్యూల్ నచ్చిందని రాశారు, ఎందుకు?" అని అడిగితే మావాడు నోరు విప్పలేకపోయాడు. సీఏఎస్ రాలేదు. కట్టిన డిపాజిట్ కొంత కోసుకుని, నెలల తర్వాత ఇచ్చారు. ఏజెంటు ఫోన్ ఎత్తడం మానేశాడు. బాబూ, నీ మాటలు నువ్వే రాసుకో. ఇంగ్లిష్ కాస్త తప్పులున్నా పర్లేదు.

అమీర్‌పేట కౌన్సెలర్

అమ్మా, జరిగింది అన్యాయం. ఈ ఇంటర్వ్యూలు ఇంకా గట్టిపడతాయి. ఒక యూనివర్సిటీ పిల్లల వీసాలు 10 శాతానికి మించి రిజెక్ట్ అయితే విదేశీ పిల్లల్ని చేర్చుకునే దాని లైసెన్సుకే ముప్పు ఉండేది. 2025లో వచ్చిన యూకే వలస విధానం ఆ హద్దును 5 శాతానికి తెచ్చింది. అందుకే అనుమానం ఉన్న ఫైళ్లను యూనివర్సిటీలే ముందుగా ఆపేస్తున్నాయి. ఇంకొకటి: "ఫండ్స్ మేం చూపిస్తాం" అనే వాళ్ల దగ్గరికి వెళ్లకండి. దొంగ బ్యాంకు పత్రం తెలిసే పెట్టారని తేలితే పదేళ్లు యూకే వీసా రాదు. శిక్ష పడేది పిల్లాడికి, ఏజెంటుకి కాదు.

ర్యాంకు ముఖ్యం

ఎవరూ ర్యాంకు గురించి మాట్లాడటం లేదేంటి? లోన్ ఇచ్చే కంపెనీలు చాలావరకు యూనివర్సిటీ పేరు చూసే వడ్డీ, షూరిటీ తేలుస్తాయి. క్యూఎస్ అనే ప్రపంచ ర్యాంకుల జాబితాలో 200 లోపు లేనిదానికి ఇల్లు తాకట్టు పెట్టడం నాకు నచ్చదు. తమ్ముడికి అర్హత ఉంటే తెలంగాణ ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి కూడా చూసుకోవాలి, 20 లక్షల దాకా సాయం చేస్తారు.

లీడ్స్ నుంచి

ర్యాంకు మొత్తం యూనివర్సిటీది, నీ డిపార్ట్‌మెంట్‌ది కాదు. అందులో పరిశోధనకీ పేరుకీ పెద్ద వాటా ఉంటుంది, క్లాసులో ఎలా చెబుతారో తెలియదు. లోన్ కోసం చూడండి, కోర్సు దాన్నిబట్టి తేల్చకండి.

తాకట్టు అన్నారు కాబట్టి చెబుతున్నా. చదువు తర్వాత ఉండే గ్రాడ్యుయేట్ వీసా ఇప్పటిదాకా రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకి 18 నెలలే. తమ్ముడు 2026 సెప్టెంబర్‌లో చేరితే 18 నెలల లెక్కలోకే వస్తాడు. ఆలోపు స్పాన్సర్ చేసే ఉద్యోగం దొరకాలి. ఆ ఉద్యోగానికి ఇచ్చే స్కిల్డ్ వర్కర్ వీసాకి మామూలు జీతం హద్దు ఏడాదికి 41,700 పౌండ్లు, కొత్తగా చదువు ముగించినవాళ్లకి 33,400. చదివేటప్పుడు పార్ట్‌టైమ్ వారానికి 20 గంటలే, వేసవిలో డిజర్టేషన్ (చివరి ప్రాజెక్టు రిపోర్టు) రాసే నెలలు కూడా టర్మ్ కిందకే వస్తాయి. పార్ట్‌టైమ్‌తో ఈఎంఐ కట్టేయొచ్చని ఏ కౌన్సెలర్ చెప్పినా నమ్మొద్దు. ఇక్కడ మనవాళ్లు అద్దెకీ తిండికీ సరిపెట్టుకోవడానికే కిందా మీదా పడుతున్నారు. భార్యనో భర్తనో వెంట తీసుకెళ్దామనుకునే వాళ్లకి కూడా 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్‌లో ఆ అవకాశం లేదు.

హనుమకొండ ఈసీఈ

అందరికీ చాలా థ్యాంక్స్. నాన్నకి ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించాను. 18 నెలల సంగతి ఆయనకీ తెలియదు. ఎంబెడెడ్ కోర్సులు వెతికి, మాడ్యూల్స్ చూసి ఒక లిస్టు రాస్తున్నాను, అప్లికేషన్లు నేనే పెడతాను. 28 రోజుల లెక్క, బ్యాంకు పేపర్లు మాత్రం డబ్బిచ్చైనా ఎవరితోనైనా చెక్ చేయించుకుంటాను. ఒక డౌట్: కన్సల్టెన్సీ వాళ్లు నన్ను అడక్కుండానే ఆ నాలుగింటిలో ఒకదానికి అప్లై చేసేశారు. అదే యూనివర్సిటీలో ఎంబెడెడ్ కూడా ఉంది. ఇప్పుడు నేను మళ్లీ పెట్టొచ్చా?

అమీర్‌పేట కౌన్సెలర్

అడక్కుండా పెట్టడం తప్పు. ఇంకో అప్లికేషన్ పెట్టకముందే, నీ సొంత ఈమెయిల్ నుంచి ఆ యూనివర్సిటీ అడ్మిషన్స్ వాళ్లకి రాయి. ఆ అప్లికేషన్ నా అనుమతి లేకుండా వెళ్లింది, రద్దు చేయండి, నేనే నేరుగా పెట్టుకుంటాను అని. పాస్‌పోర్ట్ పేరు, పుట్టినరోజు, ఉంటే అప్లికేషన్ నంబర్ ఇవ్వు. ఏజెంట్‌ను మార్చడానికి కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకోవు, డిపాజిట్ కట్టాక అసలే కష్టం. కాబట్టి ఈ వారమే రాయి, వాళ్ల జవాబు వచ్చేదాకా ఎవరికీ డబ్బు కట్టకు. ఆ అప్లికేషన్‌లో వాళ్లు ఏ ఈమెయిల్ ఇచ్చారో కూడా అడుగు, చాలాసార్లు అది పిల్లాడిది కాకుండా కన్సల్టెన్సీదే అయి ఉంటుంది.