పదో తరగతి పరీక్షలు: చూపులేని పిల్లలకు స్క్రైబా, ల్యాప్‌టాపా?

ఆరుచుక్కలు:
తొమ్మిదో తరగతి పిల్లల్ని స్క్రైబులుగా, అంటే చెప్పిన జవాబును రాసిపెట్టేవాళ్లుగా కూర్చోబెట్టే పద్ధతి పోవాలి, ల్యాప్‌టాప్ రావాలి. ఇదీ నా వాదన. తెలుగు పేపర్లో స్క్రైబు ఒత్తు తప్పు రాస్తే మార్కు పోయేది చెప్పిన పిల్లకు. 2018 ఆగస్టు కేంద్ర మార్గదర్శకాలు స్క్రైబు, బ్రెయిలీ, కంప్యూటర్‌లలో ఏది కావాలో ఎంచుకునే హక్కు విద్యార్థికే ఇచ్చాయి. గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం, అంటే మూడు గంటల పేపరుకు ఇంకో గంట.

గణితమాస్టారు:
తెలుగు, సాంఘికం వరకు సరే. లెక్కల్లో కుదరదండీ. "ఎక్స్ ప్లస్ ఒకటి బై ఎక్స్ మైనస్ రెండు" అంటే హారం కింద ఎంత పడాలి? ఒక్క ఎక్సా, మొత్తమా? స్క్రీన్ రీడరుతో (తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో) ఆ భిన్నం టైపు చేయడం పదో తరగతి పిల్లలకు ఇంకా కష్టం. మనిషికైతే నేర్పొచ్చు: "లవం మొదలు, ఎక్స్ ప్లస్ ఒకటి, లవం ముగిసింది. హారం మొదలు..." వర్గం గుర్తు కూడా అంతే, "పైన రెండు" అని చెప్పకపోతే పక్కన రెండు వేస్తారు. ఈ భాష కుదరడానికి నెలలు పడుతుంది. ఆ 2018 మార్గదర్శకాలేమో పరీక్షకు రెండు రోజుల ముందు స్క్రైబును కలిస్తే చాలన్నాయి! జూన్ నుంచే ప్రతి యూనిట్ టెస్టూ స్క్రైబుతో రాయించాలి.

ఇన్‌స్క్రిప్ట్:
ల్యాప్‌టాప్‌కూ అదే జూన్ కావాలి, మాస్టారూ. ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డులో "సత్యం" కొట్టాలంటే నొక్కాల్సిన మీటలు ఎం, ఎల్, డి, స్లాష్, ఎక్స్. డి అంటే పొల్లు, ఒత్తులన్నీ దానిమీదే నడుస్తాయి. వేళ్లకు అది రాకపోతే అదనపు గంట కూడా చాలదు. అసలు దెబ్బ ప్రశ్నపత్రం దగ్గర. డీటీపీ వాళ్లు వాడే, యూనికోడ్ కాని అను ఫాంట్లలో ఉన్న ఫైలును ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడరు చదివితే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులే వినిపిస్తాయి. స్కాన్ చేసి ఇస్తే అదీ వినపడదు. యూనికోడ్ ఫైలు, అంటే కంప్యూటర్ తెలుగును తెలుగుగానే గుర్తుపట్టే ఫైలు కావాలి. ముందురోజు అదే ల్యాప్‌టాప్‌లో అదే ఫైలు రకం తెరిచి, తెలుగు గొంతు పలుకుతోందో లేదో విని చూడాలి.

ఆరుచుక్కలు:
అను ఫాంట్ల సంగతి నిజమే, ఒప్పుకుంటున్నాను. అయినా ఫైలు సరిగా ఇవ్వలేకపోవడం పెద్దల లోపం. దానికి పిల్ల తన హక్కు వదులుకోవాలా?

విలీనవిద్య:
మీ ముగ్గురి మాటల్లోనే జవాబు ఉంది: ఒకే పద్ధతిని అన్ని పేపర్లకూ రుద్దకండి. లెక్కలకు స్క్రైబు, భాషలకు ల్యాప్‌టాప్ అడగనివ్వండి. సైన్సులో బొమ్మ గీయమన్న ప్రశ్నకు బదులు ప్రశ్న ముందే కోరండి. బడి నుంచి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) పంపేటప్పుడే సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) నకలుతో ఇవన్నీ రాసి ఇవ్వాలి. హాల్‌టికెట్లు వచ్చాక అడిగితే తిరుగుడే మిగులుతుంది. వైకల్యం 40 శాతం లోపు ఉన్నా రాయడం కష్టమైతే స్క్రైబును నిరాకరించకూడదని 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 40 దాటలేదని వెనక్కి పంపితే ఆ తీర్పు చూపించండి.

గణితమాస్టారు:
పేపరువారీగా అయితే నాకూ సమ్మతమే. స్క్రైబుగా కూర్చునే పిల్లకు లవం, హారం నేర్పే పని మాత్రం లెక్కల టీచరుకే అప్పజెప్పండి.