పాంటే-కానే ద్రాక్షతోట: రసాయనాలు లేకుండా బూజు తెగులును ఎలా ఆపుతున్నారు?

ప్రశ్న: ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలోని పొయాక్‌లో ఉన్న షాటో పాంటే-కానే, అంటే 1855 నాటి వర్గీకరణలో ఐదో శ్రేణి పొందిన పాత వైన్ ఎస్టేట్, 2004లో బయోడైనమిక్ సాగుకు, అంటే రసాయన మందులు వాడని ఒక రకం సేంద్రియ సాగుకు, మళ్లిందని చదివాను. అట్లాంటిక్ తేమ వదలని ఆ చోట బూజు తెగులును ఎలా తట్టుకుంటున్నారో తెలిసినవారు దయచేసి వివరించగలరా?

జవాబు: ప్రతి ఏడూ తట్టుకోలేదండి. 2007లో తెగులు విజృంభించినప్పుడు యజమాని ఆల్ఫ్రెడ్ టెస్సెరాన్ రసాయన మందులు కొట్టించారు, దాంతో ఆ సాగుకిచ్చే ధ్రువీకరణ వెనక్కి పోయింది. 2018లో మాత్రం అదే తెగులు పంటలో అధిక భాగాన్ని మింగేసినా ఆయన ఆ దారి పట్టలేదు. ఇంత నష్టాన్ని ఓర్చుకోవడం ఖరీదైన సీసాలు అమ్ముకునే ఎస్టేట్‌కే చెల్లుతుంది.

మరో జవాబు: సేంద్రియ సాగుకు అక్కడ ప్రధాన ఆధారం రాగి. మన ద్రాక్ష, బత్తాయి రైతులు మైలుతుత్తం, సున్నం కలిపి పిచికారీ చేసే బోర్డో మిశ్రమం పుట్టింది ఆ ప్రాంతంలోనే. అయితే రాగి నేలలో పేరుకుపోతుంది కాబట్టి, హెక్టారుకు ఏడేళ్లలో 28 కిలోలు మించరాదని ఐరోపా సమాఖ్య పరిమితి పెట్టింది. సేంద్రియమన్నంత మాత్రాన మచ్చలేనిదని నేననను.

ఇంకో జవాబు: ట్రాక్టర్ల బరువుకు నేల గట్టిపడకుండా అక్కడ గుర్రాలతో దున్నిస్తారు.