అమెరికాలో పుట్టగానే పౌరసత్వం: ఇది జాన్ లాక్ చలవేనా?

గోదారిగట్టు:
తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ల పిల్లలకు పుట్టుకతో పౌరసత్వం ఇవ్వొద్దని 2025 జనవరిలో అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు వచ్చినప్పటి నుంచి, హెచ్1బీ మీద ఉన్న మనవాళ్ల ఇళ్లలో ఒకటే టెన్షన్. అక్కడ పుట్టే పిల్లలు పౌరులా, కాదా? నా దృష్టిలో ఆ హక్కుకు పునాది వేసింది 17వ శతాబ్దపు ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్. ప్రజలు ఒప్పుకుంటేనే ప్రభుత్వం అన్నాడాయన. 1776 స్వాతంత్ర్య ప్రకటనలోనూ అదే ఉంది. మనుషులంతా సమానమని చెప్పిన దేశం తన గడ్డ మీద పుట్టిన బిడ్డను కాదనడం కుదరదు.

పాతపుస్తకం:
గోదారిగట్టు గారూ, లాక్ చెప్పింది దానికి ఎదురు. పుట్టిన బిడ్డ ఏ ప్రభుత్వానికీ చెందదు, పెద్దయ్యాక తనే ఒప్పుకోవాలి అన్నాడు. ‘మేం ఒప్పుకోనివాళ్ల పిల్లలు పౌరులెలా అవుతారు’ అని అడిగేవాళ్లు పట్టుకున్నది కూడా ఈ సమ్మతి వాదాన్నే. పుట్టిన నేలను బట్టి హక్కు అన్నది ఇంగ్లండ్ రాచరికం నాటి సూత్రం. రాజు రక్షణలో పుట్టినవాడు రాజు మనిషి అని 1608లో కాల్విన్ కేసులో తేల్చారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ పౌరుడేనని 1898లో సుప్రీంకోర్టు తీర్పిచ్చినప్పుడు, అమెరికాలో పుట్టి, దాని అధికార పరిధిలో ఉన్నవాళ్లు పౌరులేనన్న రాజ్యాంగ 14వ సవరణను ఆ ఇంగ్లిష్ సంప్రదాయం వెలుగులోనే చదివింది.

మిసిసిపీవాసి:
ఆ 14వ సవరణ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడండి. 1790 చట్టం బయటి నుంచి వచ్చినవాళ్లలో తెల్లవాళ్లకే పౌరసత్వం ఇచ్చింది. నల్లవాళ్లు పౌరులే కారని 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు అంది. అయితే 1830లో ఫిలడెల్ఫియాలో మొదలుపెట్టి, నల్లజాతి ప్రతినిధులు ఊరూరా మహాసభలు పెట్టి, ఇక్కడ పుట్టాం కాబట్టి మేం పౌరులమేనని తీర్మానాలు చేస్తూనే ఉన్నారు. అమెరికన్లు ప్రతి పనికీ సంఘం పెడతారని, 1831లో అక్కడికి వెళ్లిన ఫ్రెంచ్ రచయిత టోక్విల్ మెచ్చుకున్నాడు కదా, నన్నడిగితే ఆ సంఘాలన్నిటిలో గొప్పవి ఇవే. అంతర్యుద్ధం తర్వాత 1868లో రాజ్యాంగంలోకి ఎక్కింది వాళ్ల వాదనే.

గోదారిగట్టు:
కానీ వాళ్ల చేతిలో ఆయుధం ఆ 1776 ప్రకటనే కదండీ! బానిసత్వం నుంచి తప్పించుకొచ్చిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ 1852లో రాచెస్టర్‌లో దాన్ని చూపించే దేశాన్ని నిలదీశాడు.

పాతపుస్తకం:
ఒప్పుకుంటాను. మరి జాన్ ఎల్క్ సంగతి? ఆ గడ్డ మీదే పుట్టిన ఆదివాసీ. తెగను వదిలి, ఒమాహాలో స్థిరపడి ఓటు అడిగాడు. పుట్టుకా ఉంది, ఆయన సమ్మతీ ఉంది. అయినా 1884లో సుప్రీంకోర్టు పౌరుడు కాదంది. ఆదివాసీలందరికీ పౌరసత్వం ఇచ్చే చట్టం 1924 దాకా రాలేదు. లాక్ సిద్ధాంతం ఆయన్ని ఎందుకు ఆదుకోలేదో చెప్పండి.