నలుచెరగులున్న భూమి బంతిలా ఎలా ఉంటుంది?

ప్రశ్న:
మా ఫ్యామిలీ గ్రూపులో నిన్నటి నుంచి ఒకటే లొల్లి. భూమి బల్లపరుపుగా ఉందనే వీడియో ఒకటి మా బాబాయి పంపారు. కాదనగానే భాషలోకి దిగారు: "మరి భూమి నలుచెరగులా అని ఎందుకంటాం? బంతికి చెరగులుంటాయా?" నవ్వొచ్చింది గానీ జవాబు తట్టలేదు. అసలీ చెరగు ఏమిటి? చేటతో బియ్యం చెరగడమేనా?

జవాబు:
చేటతో పని లేదండీ, అది వేరే మాట. ఈ చెరగు బట్ట అంచు, కొంగు. డాబా మీద ఆరిన నూలు చీరలు మడతపెట్టేటప్పుడు మా అమ్మ "ఆ రెండు చెరగులూ పట్టుకోరా" అని పిలిచేది. చెరో వైపు లాగి, ఒక్కసారి దులిపి, ఎదురెదురుగా నడిచొచ్చి చెరగుకు చెరగు కలిపేవాళ్లం. ఆ చీరను లోకమంత చేయండి, నలుచెరగులు వచ్చేస్తాయి. హిరణ్యాక్షుడు భూమిని చాపలా చుట్టేశాడని చెప్పుకునే కథలో ఉన్నదీ ఈ చూపే. పరిచిన వస్తువునే కదా చుట్టగలం!

మీ బాబాయిగారికి ఇంకో సాక్ష్యం నేనే ఇస్తాను. పుడమి అనే మాట పృథ్వికి వికృతి. పృథ్వి అంటే విశాలంగా పరుచుకున్నది. ఇక భూమండలం. మండలమంటే వలయం, బిళ్ల. నడుమ మేరువు, చుట్టూ ఏడు ద్వీపాలు, ఏడు సముద్రాలు: అది పురాణాలు గీసిన పటం.

గోళం మాత్రం లెక్కలు కట్టేవాళ్ల మాట. ఆర్యభటుడు (పుట్టింది 476లో) తన గ్రంథంలో ఒక భాగానికి గోళపాదం అనే పేరు పెట్టాడు. బంతిలా గుండ్రంగా ఉండే కడిమి (కదంబం) పువ్వు బొడిపె చుట్టూ పూలు కమ్ముకున్నట్టే భూగోళం చుట్టూ ప్రాణులున్నాయన్నాడు. కడిమి పువ్వును చేతిలో పట్టుకున్నవాళ్లకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు. మరి మనకు చదునుగా ఎందుకు కనిపిస్తుంది? దానికి 1150లో భాస్కరాచార్యుడు జవాబిచ్చాడు. ఏ చుట్టుకొలతలోనైనా నూరో వంతు చదునుగానే తోస్తుంది, భూమి చాలా పెద్దది, మనిషి చాలా చిన్నవాడు అని.

అంటే పుడమీ, భూగోళమూ రెండూ మన ఇంటి మాటలే. మాటను పట్టుకుని భూమి ఆకారం తేల్చబోతే ఇద్దరికీ సాక్షులు దొరుకుతారు. "సూర్యుడు ఉదయించాడు" అని నేనూ రోజూ అంటాను.

మరొకరు:
పాతబస్తీలో ఉర్దూ మీడియం చదివిన మా తాత జాగ్రఫీని జుగ్రాఫియా అనేవారు, భూగోళాన్ని కుర్రా-ఎ-అర్జ్ అనేవారు. ఆ కుర్రా కూడా బంతే.

ప్రశ్న అడిగినవారు:
ఇదంతా బాబాయికి చదివి వినిపించా. "పుస్తకాలు పక్కన పెట్టు, కళ్లతో చూపించు" అంటున్నారు.

జవాబు:
ధ్రువ నక్షత్రాన్ని చూడమనండి. చేయి చాచి పిడికిలి పెడితే సుమారు 10 డిగ్రీలు. హైదరాబాద్‌లో ఆ చుక్క నేల అంచు నుంచి 17 డిగ్రీల ఎత్తులో, అంటే రెండు పిడికిళ్లకు కాస్త తక్కువలో ఉంటుంది. ఢిల్లీలో చుట్టాలుంటే వాళ్లనూ కొలవమనండి, దాదాపు మూడొస్తాయి. భూమధ్యరేఖ దాటి బాగా దక్షిణానికి పోతే అసలు కనబడదు. బల్లపరుపు నేల మీద ఆ చుక్క ఎక్కడ దాక్కుందో బాబాయిగారే చెప్పాలి.

ప్రశ్న అడిగినవారు:
రాత్రి పిడికిలి బిగించుకుని డాబా ఎక్కారు. పది నిమిషాలకు మెసేజ్ వచ్చింది: "నలుచెరగులా మబ్బులేరా."